నిమ్మకాయ నలగని బండి

మా వారు విశ్వనాథం గారు ఏ ప్రశ్నకూ అవుననీ కాదనీ జవాబు చెప్పి ఎరుగరు. ముందొక సుగుణం చెప్పేవారు, తర్వాత ఒక లోపం చెప్పేవారు. మనం అడిగింది దేని గురించైనా కావచ్చు. ఆ సుగుణమూ ఆ లోపమూ మాత్రం ఆయన కారువే.

"ఏమండీ, సాంబారులో ఉప్పు సరిపోయిందా?" అని అడిగాననుకోండి. "సుగుణం ఏమిటంటే శకుంతలా, ఎనిమిది సిలిండర్ల ఇంజను. లోపం ఏమిటంటే, పెట్రోలు బంకు కనబడితే చాలు, అత్తారిల్లు వచ్చినట్టు ఆగిపోతుంది," అనేవారు. ఉప్పు సంగతి, ఆయన మళ్ళీ గరిటె అందుకున్నారా లేదా అన్నదాన్ని బట్టి నేనే తేల్చుకోవాలి. డాక్టరు లక్ష్మీకాంతం గారు ఓసారి, "మోకాళ్ళెలా ఉన్నాయి విశ్వనాథం?" అని పలకరించారు. "సుగుణం, ముందు సీట్లో కూర్చుంటే సింహాసనమే. లోపం, దిగాలంటే ఇద్దరు బంట్రోతులు కావాలి." డాక్టరు గారికి విషయం అర్థమైంది. మోకాళ్ళకు మందు రాసిచ్చారు.

అమెరికా వాళ్ళు మజిల్ కార్ అంటారే, అలాంటిది అది. మేం ఇంట్లో కండల బండి అనేవాళ్ళం. అమెరికాకు నది ఇవతలున్న మా సార్నియాలో ఆ ఒడ్డు పొడుగునా రసాయన కర్మాగారాలు. వాటిలో ఒకదాంట్లో మా వారు గొట్టాలకూ ట్యాంకులకూ తుప్పు పట్టిందేమో చూసే ఇంజనీరు. ఉద్యోగం చేసినంత కాలం బూడిదరంగు కారులో బుద్ధిగా వెళ్ళి బుద్ధిగా వచ్చారు. రిటైరైన వారంలో, చేతి గడియారానికి పట్టీ వేయించుకొస్తానని వెళ్ళి, కండల బండితో తిరిగొచ్చారు. పట్టీ మరిచిపోయారు.

రంగు చూస్తే అచ్చం ఆంజనేయస్వామి సింధూరం. తలుపులు రెండే, ఒక్కొక్కటి పెరటి గేటంత. సూపర్‌మార్కెట్‌లో పక్కన ఇంకో కారు ఆగి ఉంటే, ఆ తలుపు జానెడు తెరుచుకునేది. నేను ఆ జానెడులోంచి పట్టుచీరతో బయటపడాలి. దాన్ని కారు దిగడం అనరు, బావిలోంచి పైకి రావడం అంటారు. ఇక వెనక సీటు. అది ఉందనడం కంటే, ఉందని ఆయనకో నమ్మకం అనడం న్యాయం.

కొత్త బండికి పూజ చేయించాం. పసుపు రాసి, కుంకుమ పెట్టి, హారతిచ్చి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాను. "మెల్లిగా పోనివ్వండి," అన్నాను. ఆయన మెల్లిగానే కాలు ఆనించారట. ముందు చక్రాల కిందివి పద్ధతిగా నలిగాయి. వెనక చక్రం మాత్రం ఉన్నచోటే గిర్రున తిరిగి, దాని కింది నిమ్మకాయను తుపాకీ గుండులా వెనక్కి విసిరింది. అది వీధి దాటి, ఎదురింటి అరుగు మీద కాఫీ తాగుతున్న గోర్డన్ గారి పాదాల దగ్గర పడింది. పాపం ఆయన దాన్ని రెండు చేతులా పట్టుకుని వచ్చి, "విశ్వా, ఈజ్ దిస్ యువర్స్?" అన్నాడు.

"అపశకునమండీ, నిమ్మకాయ నలగలేదు!" అన్నాను నేను.

"సుగుణం, బలం చూశావా? లోపం, ఆ బలమంతా వెనక చక్రాలకే. నేల జారిందంటే ముందుకెళ్ళదు, సంగీతకచేరీ చేస్తుంది," అన్నారాయన, గోర్డన్‌కు ప్రసాదం పెడుతూ.

ఇప్పుడు నా గొడవ చెప్పాలి. మా అమ్మాయి సుప్రజ మూడు గంటల దూరాన, మహానగరంలో, స్కార్‌బరోలో ఉంటుంది. వాళ్ళ పక్క అపార్ట్‌మెంటులోనే ఇల్లు తీసుకుని వచ్చేయమని దాని పోరు. "అమ్మా, జస్ట్ మూవ్. కరివేపాకు ఈజ్ డౌన్‌స్టెయిర్స్, సబ్‌వే ఈజ్ టూ మినిట్స్," అనేది. నాకు డ్రైవింగ్ రాదు. సార్నియాలో బస్సులు గంటకొకటి, ఆదివారం అదీ నీరసంగా. కొత్తిమీర కట్ట కావాలన్నా ఆయన్ని బతిమాలి, ఆ బావిలోకి దిగాలి. స్కార్‌బరోలో నా కాళ్ళ మీద నేను తిరగొచ్చు. అపార్ట్‌మెంటులో కండల బండికి చోటు లేదు కాబట్టి, దాన్ని అమ్మిన మర్నాడే బయల్దేరదామని ఆయన మాటిచ్చారు. అమ్మడం మాత్రం ఎప్పటికప్పుడు వాయిదా.

అలా ఉండగా ఓ జనవరి మధ్యాహ్నం, 402 హైవే మీద సరదాగా తిరిగొస్తానని వెళ్ళిన మనిషి, ఒంటిమీద కోటు లేకుండా ఇంటికొచ్చారు. మఫ్లరు లేదు, చేతి తొడుగులు లేవు. బయట మంచు పిండి జల్లెడ పట్టినట్టు కురుస్తోంది.

"కోటేదండీ?"

"సుగుణం, బండిలో హీటరు అద్భుతం. కోటు అక్కర్లేకపోయింది."

"అక్కర్లేకపోతే మటుకు పారేస్తారా?"

"లోపం, జేబులో నా కళ్ళజోడు ఉండిపోయింది," అని సోఫాలో కూలబడ్డారు. మర్నాడు పొద్దున్నే ఒక చెక్క మీద 'ఫర్ సేల్' అని పెద్ద అక్షరాలతో రాసి, మంచు తవ్వి, వాకిట్లో పాతారు. కాలేజీకి వెళ్ళే దారి మాది. అటు నడిచే వాళ్ళందరికీ బోర్డూ కనబడుతుంది, దాని వెనక సింధూరం రంగు బండీ కనబడుతుంది.

నేను పాయసం చేశాను. ఆ వెంటనే చేతికందిన సామానల్లా అట్టపెట్టెల్లో సర్దడం మొదలుపెట్టాను. మొట్టమొదట సర్దింది బూరెల మూకుడు. కంచుది, మా అమ్మది, దానికి దెబ్బ తగలకూడదని అడుగున పెట్టి, పైన చీరలు కప్పి, టేపు వేసేశాను.

అవి మన పిల్లలు ఊరి కాలేజీకి తండోపతండాలుగా వచ్చిన రోజులు. బేస్‌మెంట్లలో ఆరుగురేసి ఉంటూ, ఊరి చివర వేర్‌హౌసుల్లో తెల్లారగట్ల షిఫ్టులకు బస్సులు లేక, కారు కోసం కలలు కనేవాళ్ళు. వచ్చే కలలో మామూలు కారెందుకు వస్తుంది? ఎర్రగా, పొడుగ్గా, గర్జించేదే వస్తుంది. కాబట్టి మా వాకిట్లో బేరాలకు లోటు లేదు.

మొదట వచ్చినవాడు మహీధర్, వరంగల్ కుర్రాడు. బండి చుట్టూ ప్రదక్షిణం చేసి, "అంకుల్, ఇది నాకే కావాలె. లోన్ కూడా మాట్లాడిన," అన్నాడు. నేను వంటింటి కిటికీలోంచి దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను.

"సంతోషం నాయనా," అన్నారు మా వారు. "సుగుణం ఒకటి, చూడ్డానికి బాగుంటుంది. ఇక లోపాలు చెప్తా, కూర్చో."

కుర్చీ వేసి మరీ చెప్పారు. ఇన్సూరెన్సువాళ్ళు ఈ బండి పేరు వినగానే ఎలా చేతులు నలుపుకుంటారో చెప్పారు. పక్క అద్దం దాటితే వెనక ఏముందో పరమాత్ముడికే తెలుసన్నారు. మంచులో దీని తోక ఏ దిక్కుకు తిరుగుతుందో, లేచి, తానే తోకై తిరిగి చూపించారు. వేసవి టైర్లతో చలికాలం గడిపితే ఏమవుతుందో వర్ణించారు. ఒక గంట తర్వాత మహీధర్ ముఖం మంగళవారం మధ్యాహ్నపు సినిమాహాలులా ఖాళీ అయిపోయింది.

"వద్దులే అంకుల్," అని లేచాడు. మా వారు వాడి భుజం మీద చెయ్యేసి వీధి చివరిదాకా సాగనంపి వచ్చారు. వచ్చేసరికి నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను.

"అమ్మేవాళ్ళు ఎక్కడైనా సరుకుని తిడతారండీ?"

"అబద్ధం చెప్పి అమ్మమంటావా?"

"నిజం కాస్త పొదుపుగా వాడమంటున్నాను!"

ఆ తర్వాత వచ్చిన వాళ్ళందరికీ అదే కుర్చీ, అదే కథ. బోర్డు రంగు వెలిస్తే, వేసవి రాగానే మళ్ళీ రంగు వేసేవారు. అమ్మాలని లేనివాడు బేరం చెడగొట్టడం చూశాను కానీ, చెడగొట్టిన బేరానికి బోర్డు కొత్తగా దిద్దేవాణ్ణి ఈయన్నే చూశాను.

బండి మీద మమకారం, వదల్లేకపోతున్నారు, అనుకున్నాను. సరే, ఆయనకు పట్టుదల ఉంటే నాకు లేదా? ఆయన లోపాలు చెబితే నేను సుగుణాలు చెప్పాలని నిశ్చయించుకున్నాను. ఇన్నేళ్ళుగా విన్నవే కదా, కంఠతా వచ్చేశాయి. గుంటూరు అమ్మాయి స్పందన బేరానికి వచ్చిన రోజున కిటికీ పూర్తిగా తెరిచి పెట్టాను.

"దీని వెనక సీట్లో మనిషి పట్టడమ్మా," అన్నారాయన బయట.

"డిక్కీ చాలా పెద్దదమ్మా, ఇల్లు మారొచ్చు!" అన్నాను నేను లోపల.

"పెట్రోలు తాగుతుంది."

"హైవే మీద సర్దుకుంటుంది!"

"మంచులో జారుతుంది."

"ముందు సీటుకు వెచ్చదనం ఉంది, ఎంత సేపైనా హాయిగా జారొచ్చు!"

స్పందన అటోసారి ఇటోసారి చూసి, "అంకుల్, ముందు మీరిద్దరూ మాట్లాడేసుకోండి. నేను ఎల్లుండొస్తా," అంది. ఎల్లుండి రాలేదు. ఆయన మాత్రం ఎల్లుండి పొద్దున్నే ఎటో వెళ్ళి, వీపునిండా మట్టితో తిరిగొచ్చారు.

ఆ మట్టి కూడా ఒక వింత. నెలకోసారైనా చొక్కా వీపు మీద నూనె మరకలూ బురదా ఉండేవి. అడిగితే, "లోపం, బండి కింద దూరాల్సొచ్చింది," అనేవారు. ఇంత డబ్బు పోసి కొన్న బండి ఇన్నిసార్లు పాడవుతుందా అని తిట్టుకుంటూ ఉతికేదాన్ని. ఫ్రిజ్‌లో నిమ్మకాయలు మాయమయ్యేవి. పులిహోర కలపబోతే నిమ్మకాయ ఉండదు. "ఈ బండికి దిష్టి ఎక్కువ శకుంతలా," అనేవారు. అన్నిటికంటే విడ్డూరం పిల్లి ఇసుక. ఇక్కడ ఇళ్ళలో పిల్లులు మలవిసర్జనకు వాడే ఇసుక సంచుల్లో అమ్ముతారు. మా వారు వాటిని చలికాలం ముందు బస్తాల లెక్కన తెచ్చి గ్యారేజీలో పేర్చేవారు.

"మనకు పిల్లి లేదు కదండీ?"

"మంచులో బండి కూరుకుపోతే చక్రాల కింద చల్లాలి. పట్టు దొరుకుతుంది."

"ఒక్క బండికి ఇన్ని బస్తాలా?"

"సుగుణం, చవగ్గా వచ్చాయి."

గోర్డన్ మాత్రం, మా దగ్గర పిల్లులు బోలెడున్నాయనీ, మేం పాపం వాటిని బయటికి రానివ్వమనీ చాలాకాలం నమ్మాడు.

ఈ ఏడు ఆకులు రాలే రోజుల్లో, ఆదివారం మధ్యాహ్నం పడుకున్న మనిషి లేవలేదు. కాఫీ కలిపి లేపబోయాను. జీవితంలో మొదటిసారి ఆయన నా ప్రశ్నకు సుగుణమూ చెప్పలేదు, లోపమూ చెప్పలేదు. అంతకంటే రాయడానికి నాకిప్పుడు ఓపిక లేదు. రాస్తే ఆయనకు నచ్చదు కూడా.

పన్నెండో రోజున సుప్రజ కిటికీ దగ్గర నిలబడి, "అమ్మా, కమ్ హియర్. వై ఈజ్ ఎవ్రీ కార్ గ్రే?" అని పిలిచింది.

వెళ్ళి చూస్తే మా వీధికి రెండు పక్కలా కార్లే. అన్నీ పాతవి, అన్నీ చిన్నవి, ఒక్కదానికీ అందం లేదు. బూడిదరంగు, కాకపోతే తేనెరంగు, అదీ కాకపోతే ఏ రంగో చెప్పలేని రంగు. ఒక్కొక్కదాంట్లోంచి పిల్లలు దిగుతున్నారు. కుర్చీలో కూర్చుని లోపాలు విని వెళ్ళిపోయిన పిల్లలు. ముందర మహీధర్, వెనకే స్పందన. వాళ్ళ చేతుల్లో పళ్ళూ, స్టీలు క్యారియర్లూ.

"ఇంతమందికీ కబురెవరు పెట్టారు బాబూ?" అన్నాను.

"మాకు గ్రూప్ ఉంది ఆంటీ," అన్నాడు మహీధర్ తలొంచుకుని. "లోపం బ్యాచ్ అని పేరు పెట్టుకున్నం."

"ఏం బ్యాచ్?"

స్పందన నన్ను చెయ్యి పట్టుకుని తన కారు దగ్గరికి తీసుకెళ్ళి డిక్కీ తెరిచింది. లోపల ఒక చిన్న పార, ఒక కంబళి, ఒక పిల్లి ఇసుక బస్తా. పక్క కారు డిక్కీ తెరిచారు. పార, కంబళి, ఇసుక. వరసగా అందరూ తెరిచారు. నేను అందరి డిక్కీల్లోకీ తొంగిచూశాను. మా గ్యారేజీ అంతా అక్కడే ఉంది.

"అంకుల్ లోపాలు చెప్పాక ఊరికే పంపేవారు కాదు ఆంటీ," అంది స్పందన. "వీధి చివర అడిగేవారు, నీకు షిఫ్టెక్కడ, ఎవరెవరిని ఎక్కించుకోవాలి అని. తర్వాత మాతో వచ్చి, పాత కార్ల షెడ్లలో అట్టముక్క పరుచుకుని ఒక్కో కారు కింద దూరేవారు. టార్చిలైటు వేసి తుప్పు చూసేవారు. 'ఇది వద్దు, ఇదీ వద్దు, ఇది తీసుకో, అందం లేదు కాబట్టి నిన్ను మోసం చెయ్యదు' అనేవారు. చలికాలం టైర్లు వేయించేదాకా వదిలేవారు కాదు."

"నా కారుకు నిమ్మకాయలు కూడా ఆయనే తెచ్చిన్రు," అన్నాడు మహీధర్.

"మరి నాతో ఒక్క ముక్క చెప్పలేదేం?"

మహీధర్ చేతిలోని క్యారియరు కింద పెట్టాడు. "ఆంటీ, మీకు కోపం రావద్దు. 402 పక్కన గుంతల ఒకసారి గిట్లాంటి కారే పడి ఉన్నదంట. కొన్న వారమే. అందుల మన పిల్లలు. దెబ్బలేం తగల్లే గానీ, సన్న జాకెట్లేసుకుని గడగడ వణుకుతున్నరంట. ఒకడికి అంకుల్ తన కోటిచ్చిన్రంట. మర్నాడే బోర్డు పెట్టిన్రు. నేనడిగిన, 'అమ్మేటందుకు కాకపోతే బోర్డు ఎందుకు అంకుల్, డైరెక్ట్ మాకు చెప్పొచ్చు గద' అని. 'ముసలోడు నీతులు చెప్తానంటే ఎవడొస్తడ్రా? కండల బండి చూపిస్తానంటే పరుగెత్తుకొస్తరు. ఊళ్ళె ఎవడికి ఆ పిచ్చి ఎక్కినా ముందు నా వాకిట్లకే రావాలె' అన్నరు. మీకు తెలిస్తే, స్కార్‌బరో కోసం నిజంగ అమ్మిస్తరని భయం."

నాకు ఏడుపు రావాల్సిన చోట నవ్వొచ్చింది. ఇన్నేళ్ళూ కిటికీలోంచి సుగుణాలు అరిచి, ఆయన వల చింపడానికి నేనూ, కుట్టడానికి ఆయనా పడిన పాట్లు కళ్ళముందు కదిలాయి. అటు చూస్తే, ఆ డిక్కీల వరస ముందు గోర్డన్ బిక్కమొహం వేసుకుని నిలబడి ఉన్నాడు. "సో, నో క్యాట్స్?" అన్నాడు.

అయినా నా నిశ్చయం నాది. సుప్రజ సెలవు అయిపోయి వెళ్తూ, "అమ్మా, ప్లీజ్. సెల్ ఇట్ అండ్ కమ్," అంది. అమ్మేస్తానని మాటిచ్చాను. బోర్డు ఎలాగూ ఉంది. ఇంక లోపాలు చెప్పేవాళ్ళు లేరు. సుగుణాలు నాకు కంఠతా వచ్చు. సరుకులకూ గుడికీ లోపం బ్యాచ్ పిల్లలు వంతులేసుకుని తిప్పుతున్నారు గానీ, ఎన్నాళ్ళని వాళ్ళమీద ఆధారపడతాను?

మొదటి మంచు పడిన రోజు ఉదయం బెల్లు మోగింది. కొత్త కుర్రాడు, పేరు వంశీధర్, రాజమండ్రి. సన్నటి జాకెట్టు, కాళ్ళకు గుడ్డబూట్లు. అప్పుడే వేర్‌హౌసులో ఉద్యోగం దొరికిందట. "ఆంటీ, ఆ ఆరెంజ్ కారు అమ్ముతున్నారండీ? లోన్ వచ్చేసిందండీ. ఈ రోజే తీసుకెళ్ళిపోతానండీ," అన్నాడు.

ఇంతకంటే మంచి బేరం ఈ జన్మకు రాదు. నేను శాలువా కప్పుకుని, సుగుణాలన్నీ నాలిక చివర పెట్టుకుని, తాళంచెవి పట్టుకుని వాకిట్లోకి దిగాను. వాడు తలుపు తెరిచి లోపల కూర్చుని స్టీరింగు పట్టుకుని నవ్వాడు. ఆ గుడ్డబూట్ల మీద మంచు కరిగి నీళ్ళవుతోంది.

"డిక్కీ చాలా పెద్దది బాబూ," అని మొదలుపెట్టాను.

"అవునాండీ!"

"ఎంత పెద్దదంటే..." అని ఆగాను. నోట్లో మాట దానంతటదే పక్కకు తిరిగింది, మంచులో ఆ బండి తోక తిరిగినట్టు. "కిందికి దిగు నాయనా. కుర్చీ తెస్తాను. ముందు లోపాలు చెప్తా, కూర్చో."

గంటసేపు చెప్పాను. నాకు డ్రైవింగ్ రాదు కదా, అయినా ఒక్క లోపం మరిచిపోలేదు. తోక తిరగడం దగ్గర లేచి తిరిగి చూపించాను. మోకాళ్ళు కలుక్కుమన్నాయి. గోర్డన్ అరుగు మీంచి చప్పట్లు కొట్టాడు. వంశీధర్ మొహం వాడిపోగానే లోపలికొచ్చి మహీధర్‌కు ఫోన్ చేశాను. "ఒక అట్టముక్కా, టార్చిలైటూ పట్టుకుని రా. గ్యారేజీలో ఆయన కోటు ఒకటి ఉంది, ఈ అబ్బాయికి వేసి తీసుకెళ్ళు. తుప్పు సరిగ్గా చూడు, లేకపోతే ఊరుకోను."

శనివారానికి వంశీధర్ కారుతో వచ్చాడు. బూడిదరంగు. చూడగానే మరిచిపోయేలా ఉంది. నేను పసుపు రాసి, బొట్టు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాను. వాడు మెల్లిగా కదిలించాడు. నాలుగూ చప్పుడు చేయకుండా నలిగాయి. ఎదురింటి అరుగు మీద కాళ్ళు పైకెత్తి పెట్టుకున్న గోర్డన్, ఇంక పర్వాలేదని దించాడు.

ఆ సాయంత్రం సుప్రజ ఫోన్ చేసింది. "అమ్మా, ఎనీ బయర్స్?"

"వచ్చాడు. సుగుణం ఏమిటంటే, కుర్రాడు బంగారం. ఈ రోజే తీసుకుంటానన్నాడు."

"ఓ గాడ్, ఫైనల్లీ! అండ్?"

"లోపం ఏమిటంటే, నేను అమ్మలేదు."

అవతల నవ్వు మొదలైంది, ఎంతకీ ఆగలేదు. "అమ్మా," అంది చివరికి, దానికి వచ్చినంత తెలుగులో, "నువ్వు నాన్న అయిపోయావు."

ఫోన్ పెట్టేసి కత్తెర తెచ్చుకున్నాను. అట్టపెట్టె టేపు కోసి, చీరలు పక్కకు తీసి, అడుగునుంచి బూరెల మూకుడు బయటికి తీశాను. రేపు ఆదివారం, లోపం బ్యాచ్ అంతా భోజనానికి వస్తున్నారు.